లావు తీగలు

మా క్వార్టరుకీ పక్క క్వార్టరుకీ మధ్య ఒకటే గోడ. భిలాయి సెక్టర్ ఆరులో దాదాపు అన్ని ఇళ్ళూ అంతే. ఆ గోడకి మా వైపు అమ్మ స్టీలు సామాన్ల స్టాండు ఉండేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ స్టాండులో పళ్ళాలు వాటంతట అవే సన్నగా మోగడం మొదలుపెట్టాయి. అమ్మ వంటగదిలోంచి వచ్చి పళ్ళాల మీద చెయ్యి వేసింది. మోత ఆగింది. చెయ్యి తీస్తే మళ్ళీ మొదలైంది.

"ఏటే ఇది? భూకంపమేటి?" అంది.

నేను గోడకి చెవి ఆనించాను. అవతలి నుంచి ఒక శబ్దం వస్తోంది. బరువుగా, గుండ్రంగా, ఎవరో పెద్ద మనిషి తొందర లేకుండా నడుస్తున్నట్టుగా ఉంది. చెవి కంటే ముందు నా దవడ ఎముకకి తెలిసింది. పళ్ళాలు మోగినంతసేపూ అక్కడే నిలబడిపోయాను. అన్నం చల్లారిపోతోందని అమ్మ కేకలు వేసినా కదల్లేదు.

అప్పటివరకూ మా ఇంట్లో సంగీతం అంటే అమ్మే. మా వాళ్ళది విజయనగరం వైపు. నాన్న భిలాయి స్టీలు ప్లాంటులో క్రేన్ ఆపరేటరుగా ఉద్యోగం దొరికి వస్తే, పెళ్ళయ్యాక అమ్మ ఇక్కడికి వచ్చింది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు గానీ, మా సెక్టర్ గుళ్ళో తెలుగు ఆడవాళ్ళ భజనకి ఆవిడే పెద్ద. శనివారం సాయంత్రాలు అందరూ గుళ్ళో చేరేవారు. మొదట్లో ఒకావిడ హార్మోనియం వాయించేదట. వాళ్ళాయన రిటైరయ్యి వాళ్ళు సొంతూరు వెళ్ళిపోయాక ఆ పెట్టె కూడా వెళ్ళిపోయింది. ఇక శ్రుతి అంటే అమ్మ గొంతే. ఆవిడ ఎక్కడ ఎత్తుకుంటే అక్కడ అందరూ ఎత్తుకోవాలి. ఉత్సాహం పెరిగేకొద్దీ పాట మెల్లగా పైకి జరిగిపోయేది. మొదటి చరణంలో ఉన్నచోట మూడో చరణంలో ఉండేది కాదు. వెనకాల కూర్చున్నవాళ్ళు అందుకోలేక పాతచోటే ఉండిపోయేవారు. అప్పుడు రెండు పాటలు పాడుతున్నట్టు ఉండేది.

నేను చిన్నప్పటి నుంచీ అమ్మ పక్కన కూర్చుని తాళాలు వేసేదాన్ని. వేగం పెరిగిపోతుంటే ఆపడం, చెదిరిపోయినవాళ్ళని మళ్ళీ ఒక దారికి తేవడం నా పని. ఒకసారి తాళం తప్పినందుకు ఏడ్చాను. అమ్మ కళ్ళు తుడిచి, "నీ తాళం నువ్వు ఇనకు. వాళ్ళందరూ ఎక్కడున్నారో అది ఇను. వాళ్ళకి కావాల్సినకాడ కొట్టు," అంది. నాకు సంగీతంలో మొదటి పాఠం చెప్పింది అమ్మే అని ఇప్పుడు ఎవరడిగినా గర్వంగా చెబుతాను. ఆ రోజు మాత్రం అది పాఠమని తెలియదు.

గోడ అవతల ఉన్నది కొత్తగా ఆ క్వార్టరులోకి వచ్చిన కేరళ అంకుల్. ప్లాంటులో ఎలక్ట్రీషియన్. ఆదివారం పొద్దున్న చర్చిలోనూ, గణేశ్ పండగకీ దుర్గా పూజకీ ఊళ్ళో ఆర్కెస్ట్రా పార్టీతోనూ బేస్ గిటారు వాయించేవారు. మరుసటి ఆదివారం నేను తిన్నగా వాళ్ళ తలుపు తట్టాను. ఏం అడగాలో ఆలోచించుకోకుండానే వెళ్ళాను. ఆంటీ తలుపు తీశారు. "అంకుల్, మా ఇంట్లో పళ్ళాలు మోగుతున్నాయి," అని హిందీలో చెప్పాను.

ఆయన ఫిర్యాదు అనుకుని కంగారుపడ్డారు. "సారీ బేటా, వాల్యూం తగ్గిస్తాను," అన్నారు.

"తగ్గించొద్దు. చూపించండి," అన్నాను.

ఆయన నవ్వి లోపలికి పిలిచారు. మంచం మీద ముదురు ఎరుపు రంగు గిటారు ఉంది. మామూలు గిటారు కంటే మెడ పొడుగు. తీగలు నాలుగే, అందులో అన్నిటికన్నా లావుది గొళ్ళెం గడియంత గట్టిగా కనిపించింది. దాన్ని నా ఒళ్ళో పెట్టారు. బొటనవేలితో ఒక్కసారి మీటాను. ఆ శబ్దం నా పొట్టలో మోగింది. వాళ్ళ కిటికీ అద్దం కూడా మోగింది. ఆంటీ వంటింట్లోంచి తొంగి చూసి, "ఇంకొకరు తయారయ్యారా?" అన్నారు.

అలా ప్రతి ఆదివారం వాళ్ళు చర్చి నుంచి వచ్చాక నేను వెళ్ళేదాన్ని. అంకుల్ పుస్తకం చూసి నేర్పలేదు. పాట పెట్టేవారు, "ఇందులో బేస్ ఎక్కడుందో పట్టుకో," అనేవారు. మొదట్లో నాకు పాడేవాళ్ళ గొంతు తప్ప ఏమీ వినబడేది కాదు. కొన్ని వారాలకి అడుగున నడిచేది వినబడటం మొదలైంది. ఇక తర్వాత పైనున్నవన్నీ దాని మీద నిలబడినట్టే వినబడేవి. ఆయన ఇంకో మాట కూడా చెప్పేవారు. "స్టేజి మీద డ్రమ్మర్ చేతులు చూడకు బేటా. జనం చూడటానికి చేతులు. నువ్వు పెద్ద డ్రమ్ము తొక్కే కుడికాలు చూడు. ఆ కాలూ నీ వేలూ ఒకేసారి పడాలి."

నా వేళ్ళు పొట్టి. ఒక మెట్టు మీద చూపుడువేలు పెడితే చిటికెన వేలు అందాల్సిన చోటికి అందేది కాదు. బొబ్బలెక్కి పగిలేవి. స్కూల్లో పెన్ను పట్టుకోలేకపోతే అమ్మ చూసి పసుపు రాసింది. వద్దనలేదు. "నొప్పిగా ఉంటే మానీ," అంది, అంతే. మానలేదు.

ఇంటరుకి వచ్చాక పిల్లలకి ట్యూషన్లు చెప్పి సొంతంగా ఒక పాత బేస్ గిటారు కొనుక్కున్నాను. ఆంప్లిఫయర్ లేదు. ఉన్నా లాభం లేదు, నాన్న నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలంతా పడుకునేవారు. ఆంప్ లేకుండా వాయిస్తే బేస్ గిటారు చప్పుడు దోమ రెక్కంత. గిటారు తలని మా చెక్క బీరువాకి ఆనించి వాయిస్తే బీరువా మొత్తం పలుకుతుందని ఒకరోజు అనుకోకుండా కనిపెట్టాను. బీరువా తలుపుకి చెంప ఆనించి, తాకీ తాకనట్టు మీటుతూ సాధన చేసేదాన్ని. లయకి మా గదిలో సీలింగ్ ఫ్యాను ఉండేది. అది తిరిగినప్పుడల్లా టక్ టక్ మనేది. రెగ్యులేటరు ఒకటిలో పెడితే నిదానమైన పాట, మూడులో పెడితే హుషారు పాట. మే నెల ఎండల్లో కూడా నేను ఫ్యాను ఒకటిలో పెట్టుకుని చెమటలు కక్కుతూ కూర్చుంటే అమ్మకి అర్థమయ్యేది కాదు.

నాన్న మాత్రం చాలా రోజులు ఏమీ అనలేదు. ఆయనది తక్కువ మాట. ఒక మధ్యాహ్నం నిద్ర లేచి గది గుమ్మంలో నిలబడి, నేను బీరువాకి చెంప ఆనించుకుని కూర్చోవడం చూశారు.

"ఏటమ్మా, బీరువాతో మాటాడుతున్నావా?" అన్నారు.

"సాధన చేస్తన్నాను నాన్నా."

దగ్గరికి వచ్చి అరచెయ్యి బీరువా మీద పెట్టారు. నేను అడుగు తీగ మీటాను. ఆయన చెయ్యి తియ్యలేదు. "ఇంకోటి కొట్టు," అన్నారు. కొట్టాను. "ఊఁ," అని టీ తాగడానికి వెళ్ళిపోయారు. మర్నాడు బీరువాలోంచి ఇస్త్రీ చొక్కాలు తీసి గోడ మేకులకి తగిలించుకున్నారు. ఎందుకని అమ్మ అడిగితే, "బట్టలుంటే సౌండు లోపలే ఉండిపోతాది," అన్నారట. అమ్మ ఆ మాట నాకు చెప్పినప్పుడు నాకు పరీక్షలో ఫస్టొచ్చినంత సంతోషం వేసింది.

ఇంజనీరింగు కాలేజీలో ఒక బ్యాండు ఉండేది. నేను ఫస్టియర్లో వెళ్ళి అడిగాను. అందరూ అబ్బాయిలే. "గానా గాతీ హో?" అని అడిగారు. పాడను, బేస్ వాయిస్తాను అన్నాను. బేస్‌కి మనిషి ఉన్నాడు, పాడితే తీసుకుంటాం అన్నారు. ఆ ఉన్న మనిషి వాయించేది నేను ఆడిటోరియంలో విన్నాను. డ్రమ్ము ఒక దారి, అతనొక దారి. అయినా మళ్ళీ వెళ్ళి అడగలేదు. నాలుగేళ్ళూ వాళ్ళు స్టేజి ఎక్కితే నేను కింద కుర్చీలో కూర్చుని, అతను వాయించాల్సింది తొడ మీద వేళ్ళతో వాయించుకునేదాన్ని. కోపం ఉండేది. కోపంతో పాటు ఒక ధీమా కూడా ఉండేది. నాకొచ్చింది ఎక్కడికీ పోదు, నన్ను పిలిచే రోజు రాకపోతుందా అని.

చదువయ్యాక భిలాయిలోనే ఒక చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో డిజైన్ ఉద్యోగం దొరికింది. ఉద్యోగంలో చేరిన ఏడాదికి, నేను తీగలు కొనే దుకాణంలో భయ్యా ఒక మాట చెప్పారు. స్మృతి నగర్లో ఒక బ్యాండు ఉందట. వాళ్ళ బేస్ అబ్బాయి పుణె వెళ్ళిపోయాడట. సొంత పాటలు చేస్తారట, అదీ ఇక్కడి భాష ఛత్తీస్‌గఢీలో. "జాకే దేఖో దీదీ," అన్నారు.

వెళ్ళాను. ప్లాంటులో ఆఫీసరుగా చేసి రిటైరైన ఒకాయన ఇల్లు అది. డాబా మీద గదిలో వాళ్ళ ప్రాక్టీసు. ఆయన కొడుకే డ్రమ్మర్. పాడేవాడు దుర్గ్ దగ్గర పల్లెటూరి వాడు, స్కూల్లో టీచరు. పాటలు రాసేది అతనే, గిటారు వాయిస్తూ పాడేదీ అతనే. ఇంకొకతను కీబోర్డు. నేను మెట్లెక్కి వెళ్ళేసరికి డ్రమ్మర్ నన్ను చూసి, "దీదీ, సింగింగ్ కోసం కాదు, మాకు బేస్ కావాలి," అన్నాడు.

వీపు మీది సంచీ దించి జిప్పు తీశాను. బేస్ బయటికి తీశాను.

ఇంకొక అబ్బాయి అప్పటికే వాయించి వెళ్ళాడని, అతని దగ్గర గిటారు శబ్దాన్ని రకరకాలుగా మార్చే మంచి మంచి పెడల్స్ ఉన్నాయని, తామింకా ఏమీ తేల్చుకోలేదని ముందే చెప్పారు. సరే అన్నాను. పాట మొదలైంది. వర్షానికి ఎదురుచూసే ఆడమనిషి పాట. ఛత్తీస్‌గఢీ మాటలు నాకు చిన్నప్పటి నుంచీ బజారులో, బడిలో విన్నవే. అంకుల్ చెప్పినట్టు డ్రమ్మర్ కుడికాలు చూస్తూ అతని పక్కనే నడిచాను. మొదటి చరణం అయ్యింది. రెండో చరణం మధ్యలో పాడే అతని గిటారు తీగ పుటుక్కున తెగింది. అతను గిటారు వదిలేసి, కళ్ళు మూసుకునే పాడుతూపోయాడు. కీబోర్డు అతను ఏం చెయ్యాలో తెలియక చేతులు ఎత్తేశాడు. ఆసరా లేక పాట మెల్లగా పైకి జరగడం మొదలెట్టింది.

నాకు కంగారు పుట్టలేదు. శనివారం సాయంత్రాలు ఇలాంటి పాటల పక్కనే పెరిగాను కదా. ముందు తీగని వేలితో కొద్దిగా లాగి, స్వరం పెంచి అతని గొంతుకి ఆనించాను. అతను ఇంకా పైకి వెళ్ళాడు. పల్లవికి వస్తున్నాడనగా చేతిని ఒక మెట్టు పైకి జరిపి, అతను దిగబోయే చోట ముందే నిలబడ్డాను. అతని గొంతు సరిగ్గా వచ్చి దాని మీద వాలింది. అతను కళ్ళు తెరిచాడు. ఆ ఆసరా ఎక్కడినుంచి వస్తోందో వెతుక్కున్నట్టు అటూ ఇటూ చూసి, నా చేతుల మీద చూపు ఆపాడు. పాట ఆపలేదు, నవ్వుతూ పాడాడు. డ్రమ్మర్ కర్రలు గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు.

పాటయ్యాక పాడే అతను అడిగిన మొదటి మాట, "ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"మా అమ్మ దగ్గర," అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. తర్వాత అంకుల్ గురించి కూడా చెప్పాను.

"మీ అమ్మగారు బేస్ వాయిస్తారా!" అన్నాడు డ్రమ్మర్.

అందరం నవ్వుకున్నాం. డ్రమ్మర్ వాళ్ళమ్మగారు అటుకుల పోహా తెచ్చిపెట్టారు. వచ్చే ఆదివారం నుంచి రమ్మన్నారు. పెడల్స్ అబ్బాయి సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇంటికొచ్చి బ్యాండులో చేరానని చెప్పాను. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "బ్యాండంటే పెళ్ళిలో గుర్రం ముందు నడిచీవోళ్ళా?" అంది.

"కాదమ్మా. స్టేజి మీద పాటలు."

"ఎవులెవులుంటారు?" అన్నారు నాన్న.

చెప్పాను.  ఆ ఆదివారం ప్రాక్టీసు మధ్యలో మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. చూస్తే నాన్న! సైకిలు మీద సెక్టర్ ఆరు నుంచి వచ్చారు. చొక్కా వీపంతా తడిసి ఉంది. అందరం లేచి నిలబడ్డాం. "మీ పని మీరు చేసుకోండి," అని హిందీలో చెప్పి మూలనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ప్రాక్టీసు అయ్యేవరకూ కదల్లేదు. మధ్యలో ఒకసారి లేచి, చెక్క తలుపు మీద అరచెయ్యి పెట్టి చూసి, మళ్ళీ వచ్చి కూర్చున్నారు. ఆయన ఏం చూస్తున్నారో నా ఒక్కదానికే తెలుసు. వెళ్ళేటప్పుడు డ్రమ్మర్ భుజం తట్టి, "ఒకరోజు అందరూ మా ఇంటికి భోజనానికి రండి," అన్నారు. అదే ఆయన ఒప్పుకోవడం.

మొదటి కార్యక్రమం మా ఊళ్ళోనే, సెక్టర్ల మధ్య మైదానంలో, చలికాలం సాయంత్రం. చీకటి పడకముందే కుర్చీలు నిండిపోయాయి. నాన్న తనతో పనిచేసిన వాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చారు. అమ్మ భజన ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని, గుడికొచ్చినట్టు వరసగా కూర్చున్నారు. అప్పటికి రిటైరైన కేరళ అంకుల్ ఇంకా ఊరు మారలేదు. వెనక వరసలో నిలబడి ఉన్నారు. స్టేజి మీద నుంచి ఆయన తెల్ల జుట్టు కనిపించగానే నా భుజాలు సర్దుకున్నాయి.

నాకు స్టేజి మీద జరిగింది సగమే గుర్తుంది. పెద్ద స్పీకర్లలో నా మొదటి స్వరం వినబడినప్పుడు కింద చెక్కలు అరికాళ్ళకి కొట్టడం గుర్తుంది. డ్రమ్మర్ కుడికాలు గుర్తుంది. పాడే అతను మా పరిచయాలు చేస్తూ నా దగ్గరికి వచ్చి, "బేస్ పర్, భిలాయి కీ బేటీ," అన్నప్పుడు లేచిన కేక గుర్తుంది. అందులో ఈల ఒకటి వినబడింది. అది నాన్న స్నేహితుల్లో ఎవరిదో అనుకున్నాను. నాన్నదేనని తర్వాత తెలిసింది. అప్పటివరకూ నా జన్మలో ఆయన ఈల వెయ్యడం నేను వినలేదు.

కింద జరిగింది నాకు మర్నాడు తెలిసింది. భజనలో అమ్మ పక్కన కూర్చునే పిన్ని చెప్పింది. పాట మధ్యలో ఆవిడ అమ్మని అడిగిందట, "వదినా, ఆ కుర్రోడి పాట ఇనబడతంది, డోళ్ళు ఇనబడతన్నాయి. మన పిల్ల వాయించీది ఏటో తెలీడం లేదే?" అని.

అమ్మ ఏమందంటే, "సెప్పులు ఇప్పీసి నేల మీద కాళ్ళెట్టు."

పిన్ని చెప్పులు విప్పి కాళ్ళు పెట్టిందట.

"తెలస్తందా?"

"తెలస్తంది."

"అదే మా పిల్ల," అందట అమ్మ.

పాట అయిపోయేదాకా ఆ వరసలో ఆడవాళ్ళందరూ చెప్పులు విప్పుకుని కూర్చున్నారట. ఇది విన్నాక నేను బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని కాసేపు ఏడ్చాను. చప్పట్లకి నేను ఏడవలేదు.

కార్యక్రమం అయిన వెంటనే అంకుల్ స్టేజి వెనక్కి వచ్చి నా ఎడమచెయ్యి తీసుకుని వేళ్ళ చివర్లు నొక్కి చూశారు. గట్టిపడిన చర్మం చూసి తల ఊపారు. "మూడో పాటలో తొందరపడ్డావు," అన్నారు. నిజమే, తొందరపడ్డాను. జనం కేకలు వినేసరికి వేళ్ళు ఉరికాయి. మిగతావన్నీ బాగున్నాయా అని అడిగాను. "బాగోకపోతే చెప్పేవాణ్ణి కదా," అన్నారు. తర్వాతి ఏడాది ఆయన కేరళ వెళ్ళిపోయారు. మా పాటలు రికార్డయినప్పుడల్లా ముందు ఆయనకే పంపుతాను. ఇప్పటికీ ఏదో ఒక తప్పు చెబుతారు.

ఆ తర్వాత రాయపూర్‌లో, బిలాస్‌పూర్‌లో వాయించాం. సొంత పాటల్లో రెండు బేస్‌తోనే మొదలవుతాయి. ఆ రెండూ నేను కట్టినవి. నన్ను పాడమన్న కాలేజీ బ్యాండులో ఒకతను ఒక కార్యక్రమం తర్వాత వచ్చి, నీకు ఇంత వచ్చని మాకు తెలియదే అన్నాడు. చెప్పాను కదా అన్నాను. ఇద్దరం టీ తాగాం. కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

పోయిన ఏడాది విశాఖపట్నంలో బీచి దగ్గర ఒక సాయంత్రం కార్యక్రమానికి పిలిచారు. అమ్మా నాన్నా మాతోనే వచ్చారు, విజయనగరం నుంచి మా మేనత్త, వాళ్ళ పిల్లలు అందరూ వచ్చారు. ఛత్తీస్‌గఢీ పాటలు అక్కడ ఎవరికి అర్థమవుతాయి అని మా బ్యాండు వాళ్ళు భయపడ్డారు గానీ, రెండో పాటకే జనం లేచి ఊగడం మొదలుపెట్టారు. అయ్యాక మేనత్త నా బుగ్గలు నిమిరి, "ఎంత బాగా వాయించినావే! నీ తెలుగే కాస్త మారిపోనాది," అంది.

అంతకుముందు, పాటల మధ్యలో కార్యక్రమం నడిపే అమ్మాయి మైకు పట్టుకుని తెలుగులో నన్ను అడిగింది, "మీరు తెలుగువాళ్ళే అని విన్నాం. మీది ఏ ఊరండీ?"

చిన్నప్పటి నుంచీ ఈ ప్రశ్నకి నేను నాన్న పుట్టిన ఊరి పేరే చెబుతూ వచ్చాను. అక్కడ నేను గడిపినవి వేసవి సెలవులే అయినా, అడిగినవాళ్ళు ఎదురుచూసేది అదే. ఆ రోజు నా వెనక డ్రమ్మర్ కర్రలు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. తెలుగు రాని మా పాటగాడు నా మొహం కేసి చూస్తున్నాడు. మొదటి వరసలో నాన్న, ఆయన పక్కన అమ్మ.

"భిలాయి అండీ," అన్నాను.

నాన్న అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. నేను డ్రమ్మర్ వైపు తిరిగి తలూపాను, తర్వాతి పాట ఎత్తుకున్నాం.